పారిస్–రూబే: నేత నగరం తలపెట్టిన ఒక్కరోజు సైకిల్ సమరం

ప్రపంచంలోని ఒక్కరోజు వృత్తిపర సైకిల్ పందేలలో అత్యంత ప్రసిద్ధమైనది పారిస్–రూబే. ఏటా ఏప్రిల్ నెలలో, సాధారణంగా రెండవ ఆదివారం నాడు, ఉత్తర ఫ్రాన్స్‌లో దీనిని నిర్వహిస్తారు. సుమారు 260 కిలోమీటర్ల దూరం. అందులో 55 కిలోమీటర్ల మేర దారి తారు రోడ్డు కాదు. వందేళ్ల కిందట ఎడ్లబండ్లు, గుర్రపు బండ్ల కోసం పరచిన రాళ్ల బాట. సైక్లింగ్ అభిమానులు ఈ పందేన్ని ‘క్లాసిక్‌ల రాణి’ అంటారు, ‘ఉత్తరాది నరకం’ అని కూడా అంటారు. రెండు పేర్లూ సార్థకమే.

ముందుగా ఉచ్చారణ గురించి ఒక మాట. ఫ్రెంచి స్పెల్లింగును చూసి మనవాళ్లు ‘రౌబాయిక్స్’ అని చదవడం కద్దు. చివరి అక్షరం పలకదు; ‘రూబే’ అనాలి.

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతంలో నివసించే తెలుగు కుటుంబాలకు ఈ ఊరి కథ ఏమంత పరాయిదిగా తోచదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన పద్మశాలీలు, ఇతర నేత కార్మికులు తాపీ నది ఒడ్డున మరమగ్గాల నడుమ స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతోంది. మన దేశంలో కృత్రిమ నూలు చీరలకు సూరత్ ఎటువంటిదో, 19వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో ఉన్ని వస్త్రాలకు రూబే అటువంటిది. ‘వేయి పొగగొట్టాల నగరం’ అని దానికి పేరు. అక్కడి మగ్గాలపై పనిచేసినవారిలో అత్యధికులు సరిహద్దు దాటి వచ్చిన బెల్జియన్లు. 1870ల నాటికి ఆ ఊరి జనాభాలో సగానికి పైగా వారే. ఈ పందెం ఫ్రాన్స్‌లో జరిగినా, తమదేనన్నంత మమకారం ఫ్లాండర్స్ ప్రాంతపు బెల్జియన్లకు ఎందుకున్నదో ఈ వలస చరిత్ర కొంత చెబుతుంది. విజేతల పట్టికలో సగానికి దగ్గరగా బెల్జియన్ల పేర్లే ఉండటం కూడా గమనించదగినది.

మిల్లు యజమానుల ఆలోచన

ఈ పందేనికి మూలపురుషులు క్రీడాకారులు కారు, వస్త్ర వ్యాపారులు. తెయోదోర్ వియెన్, మారిస్ పెరెజ్ అనే ఇద్దరు రూబే మిల్లు యజమానులు 1895లో తమ ఊరిలో ఒక వెలోడ్రోమ్‌ను, అంటే సైకిల్ పందేల కోసం ప్రత్యేకంగా వలయాకారంలో కట్టిన మైదానాన్ని నిర్మించారు. దానికి ప్రేక్షకులు రావాలి. పారిస్ నుంచి బయలుదేరి తమ మైదానంలో ముగిసే పందెం ఒకటి ఉంటే దేశమంతా రూబే వైపు చూస్తుందని వారు భావించారు. 1896 ఫిబ్రవరిలో ‘ల వేలో’ అనే క్రీడాపత్రికకు లేఖ రాశారు. మొదటి బహుమతి వెయ్యి ఫ్రాంకులు తామే ఇస్తామన్నారు. ఆనాటి గని కార్మికుడికి అది ఏడు నెలల కూలి అని చెబుతారు.

పత్రిక అంగీకరించి, దారిని పరిశీలించి రమ్మని విక్టర్ బ్రేయర్ అనే తన ఉద్యోగిని పంపింది. ఆయన అమియాఁ పట్టణం నుంచి సైకిల్‌పై బయలుదేరాడు. చలి, వర్షం, బురద, ఎగుడుదిగుడు రాళ్లు. రూబే చేరేసరికి ఒళ్లు హూనమైంది. ఇటువంటి దారిలో మనుషులను పంపడం దుర్మార్గమని, పందెం రద్దు చేయమని వెంటనే తంతి కొట్టాలని నిశ్చయించుకున్నాడు. ఆ సాయంత్రం రూబే పెద్దలు ఆయనకు వేడివేడి విందు ఇచ్చారు. తంతి వెళ్లలేదు. ఒక పూట భోజనం క్రీడాచరిత్రను ఇంతగా మలుపు తిప్పిన సందర్భాలు అరుదు.

మొదటి పందెం 1896 ఏప్రిల్ 19న జరిగింది. పేర్లు నమోదు చేసుకున్నవారిలో దాదాపు సగంమంది బయలుదేరే చోటికే రాలేదు. జర్మనీకి చెందిన యోసెఫ్ ఫిషర్ 280 కిలోమీటర్ల దూరాన్ని 9 గంటల 17 నిమిషాలలో పూర్తిచేసి గెలిచాడు. మూడో స్థానంలో వచ్చిన మారిస్ గారాఁ ఇటలీలో పుట్టి, చిన్నతనంలో పొగగొట్టాలు శుభ్రం చేసే పని చేసినవాడు. ఆయన 1897, 1898 సంవత్సరాలలో ఇదే పందెం గెలిచాడు. తరువాత 1903లో మొట్టమొదటి టూర్ ద ఫ్రాన్స్ విజేత కూడా ఆయనే. అంటే పారిస్–రూబే, టూర్ ద ఫ్రాన్స్ కంటే ఏడేళ్లు పెద్దది.

ఒక్కరోజు పందేలకూ, మూడు వారాల పాటు సాగే టూర్ ద ఫ్రాన్స్ వంటి వాటికీ ఉన్న భేదాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. టూర్‌లో ఒకనాడు వెనుకబడినా మరునాడు కోలుకోవచ్చు. ఒక్కరోజు పందెంలో మరునాడు అనేది లేదు. వీటిలో అతి పురాతనమైన, దీర్ఘమైన ఐదింటిని ‘మాన్యుమెంట్లు’ అని వ్యవహరిస్తారు. ఇటలీలోని మిలాన్–సాన్ రెమో, లొంబార్డియా. బెల్జియంలోని టూర్ ఆఫ్ ఫ్లాండర్స్, లియేజ్–బాస్తోఞ్–లియేజ్. ఫ్రాన్స్ నుంచి పారిస్–రూబే. ఈ ఐదింటిలో పారిస్–రూబే దారిలో చెప్పుకోదగ్గ కొండ ఒక్కటీ లేదు. ఆ కష్టమంతా రాళ్లదే.

‘నరకం’ అన్న పేరు

చాలామంది ఆ పేరు రాళ్ల బాట వల్ల వచ్చిందనుకుంటారు. కాదు. మొదటి ప్రపంచ యుద్ధం కారణంగా 1915 నుంచి 1918 వరకు పందెం జరగలేదు. 1919లో తిరిగి నిర్వహించే ముందు, దారి ఏ స్థితిలో ఉందో చూడటానికి నిర్వాహకులు, విలేకరులు కారులో ఉత్తరాదికి వెళ్లారు. ఊళ్లకు ఊళ్లు నేలమట్టమయ్యాయి. చెట్లు మొండెములై నిలిచాయి. ఫిరంగి గుండ్ల గుంటలలో నీరు నిలిచి ఉంది. కుళ్లిన పశువుల దుర్గంధం. తిరిగి వచ్చి వారు రాసిన కథనాలలో ‘నరకం’ అన్న మాట వాడారు. అది సైకిలిస్టుల కష్టాన్ని గురించి అన్నది కాదు, యుద్ధం మిగిల్చిన నేలను గురించి అన్నది. ఆ ఏడాది ఆన్రీ పెలిసియె గెలిచాడు. మాట మాత్రం పందేనికి అంటుకుపోయింది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో 1940 నుంచి 1942 వరకు, ఆపై కరోనా కారణంగా 2020లో పందెం ఆగింది.

రాళ్లను కాపాడుకోవలసిన పరిస్థితి

ఈ పందెం తొలినాళ్లలో రాళ్ల బాట ప్రత్యేకతేమీ కాదు. ఆ ప్రాంతపు రోడ్లన్నీ అలాగే ఉండేవి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత గ్రామాలు ఒక్కొక్కటిగా తమ రోడ్లకు తారు వేయించుకున్నాయి. టెలివిజన్‌లో తమ ఊరి గతుకుల బాటను దేశమంతా చూడటం ఊరి పెద్దలకు నామోషీగా ఉండేది. ప్రజలకు మంచి రోడ్డు కావాలని కోరుకోవడంలో తప్పేముంది? కానీ 1960ల నాటికి పందెం తన స్వభావాన్నే కోల్పోయే ప్రమాదం ఏర్పడింది. నిర్వాహకులు పొలాల మధ్య, బీట్‌రూట్ బండ్లు తప్ప మరేవీ తిరగని మారుమూల దారులను వెదకసాగారు.

ఆ వెదుకులాటలో దొరికినదే అరెంబెర్గ్ అడవి బాట. దానిని సూచించినవాడు ఝాఁ స్తాబ్లిన్‌స్కి. పోలెండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టి, చిన్న వయసులోనే తండ్రిని పోగొట్టుకొని, అరెంబెర్గ్ బొగ్గుగనిలో దిగి పనిచేసిన మనిషి. తరువాత సైకిలిస్టుగా ఎదిగి 1962లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తాను భూమి లోపల బొగ్గు తవ్విన చోటికి సరిగ్గా పైన ఉన్న అడవి దారిని ఆయన నిర్వాహకులకు చూపించాడు. 1968లో తొలిసారి పందెం ఆ దారి గుండా సాగింది. ఆ నేల కింద పనిచేసి, ఆ నేల మీద పందెం తొక్కిన సైకిలిస్టు ఆయన ఒక్కడే అంటారు. గని 1989లో మూతపడింది. ఆ గనుల ప్రాంతాన్ని 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అడవి బాట మొదట్లో స్తాబ్లిన్‌స్కి స్మారక శిల నిలిచి ఉంది.

నేడు ఈ రాళ్ల సంరక్షణ బాధ్యత ‘పారిస్–రూబే మిత్రులు’ అనే స్వచ్ఛంద సంఘానిది. ఏడాది పొడవునా వారు లేచిన రాళ్లను తిరిగి పొదుగుతారు, పక్కలకు మట్టి వేస్తారు, బురద తోడుతారు. వృత్తివిద్య విద్యార్థులు కూడా ఈ పనిలో పాల్గొంటారు. అరెంబెర్గ్ బాటలో రాళ్ల సందుల్లో గడ్డి పెరిగి జారుడు కాకుండా ఇటీవల మేకలను తోలి మేపించారు కూడా. మన ఊళ్లలో ఇది వార్త కాదు. అక్కడ మాత్రం అంతర్జాతీయ వార్త అయింది.

రాళ్ల మీద సైకిల్ నడిపే విద్య

పందెం పేరులో పారిస్ ఉన్నా, 1977 నుంచి బయలుదేరేది పారిస్‌కు ఉత్తరాన 80 కిలోమీటర్ల దూరంలోని కాంపియేన్ పట్టణం నుంచి. ఒక్కొక్క జట్టుకు ఏడుగురు చొప్పున సుమారు 175 మంది పాల్గొంటారు. మొదటి వంద కిలోమీటర్లు దాదాపుగా మామూలు రోడ్డే. ఆపై దాదాపు 30 రాళ్ల బాటలు వరుసగా ఎదురవుతాయి. వాటికి సంఖ్యలు అవరోహణ క్రమంలో ఇస్తారు. ఒకటో సంఖ్య బాట వచ్చిందంటే రూబే మైదానం ముందున్నదని అర్థం. కష్టాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు నక్షత్రాల వరకు గుర్తు ఇస్తారు. ఐదు నక్షత్రాల బాటలు మూడు: అరెంబెర్గ్ అడవి, మోన్స్-అన్-పెవెల్, కార్ఫూర్ ద లార్బ్ర్.

సైకిల్ పందెంలో గెలుపోటములను గాలి నిర్ణయిస్తుంది. ముందున్నవాడి వెనుక నక్కి తొక్కితే శ్రమ ఎంతో తగ్గుతుంది. అందుకే సైకిలిస్టులు పెలోటన్ అనే పెద్ద గుంపుగా సాగుతారు. జట్టులోని ఆరుగురు తమ నాయకుడికి గాలి తగలకుండా అడ్డుపడటం, నీళ్ల సీసాలు అందించడం, అవసరమైతే తమ చక్రం విప్పి ఇవ్వడం చేస్తారు. రాళ్ల బాటపై ఈ సూత్రం సగం మాత్రమే పనిచేస్తుంది. గుంపు చీలిపోతుంది. ముందున్నవాడు పడితే వెనుకనున్నవారు తప్పించుకోలేరు. కనుక ప్రతి బాటకూ ముందు ఒక చిన్న పందెం జరుగుతుంది. అందరూ మొదటి పది మందిలో ఉండాలని ప్రాణాలకు తెగించి దూసుకుపోతారు. అనుభవజ్ఞులు రాళ్ల బాట కన్నా దానికి ముందున్న తారు రోడ్డుకే ఎక్కువ భయపడతారు.

రాళ్ల మీదికి ఎక్కాక నెమ్మదిగా పోవడం ప్రమాదం. వేగంగా పోతే చక్రం రాయి నుంచి రాయికి తేలిపోతుంది; వేగం తగ్గితే ప్రతి సందులోనూ దిగబడుతుంది. బాట మధ్యభాగం ఒంటె మూపులా ఉబ్బి ఉంటుంది. ఆ మూపు మీద నడపాలి, లేదా అంచున ఉన్న సన్నని మట్టి చాలులో నడపాలి. హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటే అరచేతులు బొబ్బలెక్కి చిట్లుతాయి. ఎండ కాస్తే దుమ్ము, వాన కురిస్తే బురద. 2002 తరువాత పూర్తి వర్షంలో పందెం జరిగింది మళ్లీ 2021లోనే. కరోనా వల్ల అక్టోబరుకు వాయిదా పడిన ఆ పందెంలో ఇటలీకి చెందిన సోన్నీ కొల్‌బ్రెల్లి గెలిచి, ముఖం ఆనవాలు పట్టలేనంత బురదతో మైదానం గడ్డిపై పడి ఏడ్చిన దృశ్యం ఈ పందేన్ని ఎన్నడూ చూడనివారికి కూడా చేరింది.

సైకిళ్లు కూడా మారాయి. ఒకప్పుడు సన్నని టైర్లలో గాలి బిగించి కొట్టేవారు. ఇప్పుడు 30 మిల్లీమీటర్లకు పైబడిన టైర్లలో గాలి తక్కువగా నింపుతారు. 1992, 1993లలో గెలిచిన ఝిల్బెర్ ద్యుక్లో-లసాల్ ముందు చక్రానికి మోటారు సైకిల్ తరహా షాక్ అబ్సార్బర్లు వాడాడు. మొదటి పందెంలో ఫిషర్ సగటు వేగం గంటకు 30 కిలోమీటర్లు. 2024లో నెదర్లాండ్స్‌కు చెందిన మాథ్యూ వాన్ డెర్ పూల్ సగటు వేగం గంటకు 47.8 కిలోమీటర్లు.

గెలిచినవారు, పడినవారు

బెల్జియన్లు రోజర్ డి వ్లామింక్ (1972, 1974, 1975, 1977), టామ్ బూనెన్ (2005, 2008, 2009, 2012) నాలుగేసి సార్లు గెలిచి అగ్రస్థానాన్ని పంచుకుంటున్నారు. వాన్ డెర్ పూల్ 2023, 2024, 2025లలో వరుసగా మూడు సార్లు గెలిచాడు. టూర్ ద ఫ్రాన్స్‌ను ఐదుసార్లు గెలిచిన బెర్నార్ ఇనో ఈ పందేన్ని బాహాటంగా అసహ్యించుకునేవాడు. 1981లో ప్రపంచ ఛాంపియన్ చొక్కాతో వచ్చి, పలుమార్లు పడి లేచి, గెలిచాడు. మరుసటి ఏడాది ఒకసారి పాల్గొని, ఆపై మళ్లీ రాలేదు.

1949 నాటి ఫలితం విచిత్రమైనది. ముందున్న ఆంద్రె మాహేను మైదానం వద్ద నిలిచిన సిబ్బంది తప్పుదారి పట్టించారు. ఆయన వేరే ద్వారం గుండా లోపలికి వచ్చి గీత దాటాడు. వెనుక గుంపులో మొదట వచ్చిన సెర్సె కోప్పి తరఫున అభ్యంతరం లేచింది. నెలల తరబడి వాదోపవాదాలు సాగాక ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. 2006లో మరొక వివాదం: మూసిన రైల్వే గేటును దాటినందుకు రెండు, మూడు, నాలుగు స్థానాలలో వచ్చిన ముగ్గురినీ అనర్హులను చేశారు.

బెల్జియంకు చెందిన యోహాన్ ముసేయు 1998లో అరెంబెర్గ్ అడవిలో పడి మోకాలి చిప్ప పగలగొట్టుకున్నాడు. గాయం కుళ్లి కాలు తీసేయవలసిన స్థితి వచ్చింది. 2000లో తిరిగి వచ్చి గెలిచినప్పుడు, గీత దాటుతూ ఆ మోకాలిని ఎత్తి వేలితో చూపాడు. అందరికీ అటువంటి పునరాగమనం దక్కలేదు. 2018లో 23 ఏళ్ల మిఖేల్ గోలార్ట్స్ పందెం మధ్యలో గుండె ఆగి కుప్పకూలి, ఆ రాత్రి ఆసుపత్రిలో మరణించాడు.

భద్రతపై చర్చ ఏటేటా తీవ్రమవుతోంది. అరెంబెర్గ్‌లోకి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గుంపు చొరబడకుండా 2024లో బాటకు ముందు ఒక వంకర మలుపు ఏర్పాటు చేశారు. సైకిలిస్టుల సంఘమే దానిని కోరింది. సైకిలిస్టుల్లోనే కొందరు అది మరింత ప్రమాదమన్నారు. ప్రేక్షకుల తీరు మరొక సమస్య. 2025లో ముందంజలో ఉన్న వాన్ డెర్ పూల్ ముఖం మీదికి ఒక ప్రేక్షకుడు నీటి సీసా విసిరాడు. టికెట్ లేకుండా, దారి అంచున చేతికందేంత దగ్గరగా నిలబడి చూడగలగడమే ఈ క్రీడ గొప్పతనం. ఆ దగ్గరితనమే బలహీనత కూడా.

మహిళల పందెం

పురుషుల పందెం మొదలైన 125 ఏళ్లకు, 2021 అక్టోబర్ 2న, మహిళల పారిస్–రూబే తొలిసారి జరిగింది. రాళ్ల బాటలు స్త్రీలకు తగవన్న వాదన అంతకాలం వినిపించింది. బ్రిటన్‌కు చెందిన లిజీ డేగ్నన్ ఇంకా 82 కిలోమీటర్లు ఉండగానే అందరినీ విడిచి ఒంటరిగా బయలుదేరి, తడిసిన రాళ్లపై జారుతూ, రక్తం అంటిన హ్యాండిల్‌తో మైదానం చేరింది. ఆ ఏడాది పురుష విజేతకు నిర్వాహకులు ఇచ్చిన మొత్తం 30,000 యూరోలు. ఆమెకు నిర్ణయించినది 1,535 యూరోలు. మిగిలిన వ్యత్యాసాన్ని ఆమె జట్టు యాజమాన్యమే భరించింది. తొలి పందెంలో 116 కిలోమీటర్లున్న దూరం ఇప్పుడు 150 కిలోమీటర్లకు చేరువైంది. 2025లో ఫ్రాన్స్‌కు చెందిన పోలిన్ ఫెరాఁ-ప్రెవో గెలిచింది. ఫ్రెంచి పురుషుడు ఈ పందెం గెలిచి 1997 నుంచి చాలా ఏళ్లు గడిచాయి. స్వదేశీ విజయం కోసం ఎదురుచూసినవారికి దానిని తెచ్చిపెట్టినది ఒక మహిళ.

మగ్గాలు ఆగిన తరువాత

విజేతకు ఇచ్చే జ్ఞాపిక బంగారు కప్పు కాదు, పీఠంపై నిలిపిన ఒక రాయి. మైదానం పక్కన పాతకాలపు స్నానశాల ఉంది. కాంక్రీటు గోడలతో విడదీసిన చిన్న చిన్న గదులు. ఒక్కొక్కదానిపై ఒక్కొక్క పూర్వ విజేత పేరు చెక్కిన ఇత్తడి పలక. జట్లకు సకల సౌకర్యాలున్న బస్సులు వచ్చాక కూడా కొందరు ఆ గదులలోనే స్నానం చేయడానికి ఇష్టపడతారు.

పందేన్ని పుట్టించిన ఉన్ని మిల్లులు మాత్రం 1970ల నుంచి ఒక్కటొక్కటే మూతపడ్డాయి. ఒకప్పటి నూలు మిల్లుగా మొదలై తపాలా ద్వారా దుస్తులమ్మే సంస్థగా ఎదిగిన ‘లా రెదూత్’ ప్రాయోజకత్వం వహించడంతో 1986 నుంచి 1988 వరకు పందెం మైదానంలో కాక ఆ సంస్థ కార్యాలయం ముందు ముగిసింది. కోటలా కనిపించే మోత్-బొస్యూ మిల్లు భవనంలో నేడు కార్మిక ప్రపంచపు జాతీయ దస్తావేజుల కేంద్రం ఉంది. కార్మికుల కోసం కట్టిన పాత ఈతకొలను 2001లో కళాప్రదర్శనశాలగా మారింది. ఆ ప్రాంతపు నేత నమూనాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని నిరుపేద పట్టణాలలో ఒకటిగా రూబే పేరు నేడు తరచు వినిపిస్తుంది. ఏడాదిలో ఒక్క ఆదివారం మాత్రం ప్రపంచ క్రీడావార్తలలో మొదటి పంక్తి దానిదే.

సూరత్‌లో ఇటువంటి వృత్తిపర పందెం లేదు. దానికి దక్షిణాన ముంబై–పుణే సైకిల్ పందెం 1940ల నుంచి భోర్ ఘాట్ మీదుగా సాగుతున్న ఒక్కరోజు పోటీ. మన దేశంలో క్లాసిక్ అన్న మాటకు అదే దగ్గరిది. 2026 జనవరిలో పుణే పరిసరాలలో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య గుర్తింపుతో పలు అంచెల పందెం జరిగింది. మరమగ్గాల వీధిలో సైకిల్ ఇప్పటికీ షిఫ్టుకు వెళ్లే వాహనమే తప్ప పందెపు వాహనం కాలేదు. 1896కు ముందు రూబేలో కూడా కార్మికుడికి సైకిల్ కొనే స్తోమత లేదు. 

పారిస్–రూబే భారత కాలమానం ప్రకారం ఆదివారం మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మొదలై, రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్య ముగుస్తుంది. మహిళల పందెపు రోజు, వేళ ఏటేటా మారవచ్చు కనుక ముందుగా చూసుకోవడం మంచిది. మొత్తం చూసే తీరిక లేనివారు సాయంత్రం ఆరు ప్రాంతం నుంచి చూసినా చాలు. అప్పటికి గుంపు అరెంబెర్గ్ అడవిని సమీపిస్తూ ఉంటుంది.